గుండె కుడివైపు మా అమ్మాయిది

మా అమ్మాయి చదివిన ఇంటర్నేషనల్ స్కూలు పేరు చెప్పను. చెప్పినా మీకు నోరు తిరగదు. మొదటి ఏడాది నాకూ తిరగలేదు. ఔటర్ రింగు రోడ్డు దిగి, వెంచర్ల బోర్డులన్నీ దాటుకుని వెళితే, గుట్ట మీద ఎవరో ఓడను మరిచిపోయి వెళ్ళినట్టు కనిపిస్తుంది. అదే.

నా భార్య సుగుణ అక్కడ చిన్నపిల్లలకు పాటలు నేర్పేది. ఆమె పోయాక కూడా యాజమాన్యం మా హిమజను సగం ఫీజుతోనే చదువుకోనిచ్చింది. విద్యుత్ శాఖ అకౌంట్స్ సెక్షన్లో పనిచేసే నాలాంటివాడికి అది చిన్న దయ కాదు. అంచేత ఆ స్కూలు మీద నేనెప్పుడూ కోపం తెచ్చుకోలేదు. ఇప్పుడూ తెచ్చుకోవడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

పదో తరగతి పరీక్షలవగానే, తర్వాతి రెండేళ్ళూ పిల్లలు ఏ సబ్జెక్టులు చదవాలో తేల్చడానికి తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. డైరెక్టర్ డాక్టర్ ప్రద్యుమ్న గారు చెవికి మైకు తగిలించుకుని, వేదిక మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ మాట్లాడతారు. నిలబడితే ఆయనకు ఆలోచనలు గడ్డకట్టుకుపోతాయట.

"పేరెంట్స్! మనం సబ్జెక్టులు చెప్పం. ప్రయాణాలు క్యూరేట్ చేస్తాం. మొన్న ఒక విదేశీ యూనివర్సిటీ ప్రతినిధి నాతో అన్నారు, 'డాక్టర్, మీవైపు నుంచి వచ్చే అప్లికేషన్లన్నీ ఒకేలా ఉంటాయి, ఒకటి చదివితే అన్నీ చదివినట్టే' అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు."

"ఏం తిన్నాడో పాపం," అన్నారు నా వెనక ఎవరో.

"కాబట్టి ఈ ఏడాది నుంచి మన నినాదం, ఏకపథం! ఏ ఇద్దరు పిల్లల కాంబినేషనూ ఒకటి కాకూడదు. ముందు వచ్చినవారికి ముందు. మీ పిల్లలు అద్వితీయులు. ఆ సంగతి వాళ్ళు ఒప్పుకోకపోయినా సరే, మేం వదలం."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఏసీ చల్లగా ఉంది, సమోసాలు వేడిగా ఉన్నాయి.

మా హిమజకు పశువుల డాక్టరు కావాలని చిన్నప్పటి నుంచీ కోరిక. మా వీధిలో కుంటికుక్కలన్నీ పొద్దున్నే మా మెట్ల మీద వరసగా కూర్చుంటాయి, ఆస్పత్రిలో చీటీ రాయించుకున్నట్టు. దానికి కావలసింది బయాలజీ. మిగతావి ఏమిచ్చినా సర్దుకుంటానంది.

కేటాయింపు రోజున పాత్‌వే క్యూరేటర్ చైత్ర మేడమ్ ముందు కూర్చున్నాం.

"చెప్పు హిమజా. ఏం కాంబినేషన్?"

"బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మేడమ్."

"అయ్యో, అది వెళ్ళిపోయింది నాన్నా."

"ఎక్కడికి వెళ్ళింది మేడమ్?" అన్నాను.

"రుద్రాంశ్‌కి సార్. వాళ్ళ డాడీ తెల్లారకముందే వచ్చి గేటు దగ్గర కూర్చున్నారు."

రుద్రాంశ్ వాళ్ళ నాన్న గ్రానైట్ వ్యాపారి. సోఫాలోంచి నాకేసి చూసి తలూపాడు, రైల్లో కిటికీ పక్క సీటు దొరికినవాడిలా.

"బయాలజీ, కెమిస్ట్రీ, తోలుబొమ్మలాట ఉంది," అంది చైత్ర మేడమ్. "ఇలాంటి కాంబినేషన్ ఈ దేశంలోనే కాదు, ఈ గెలాక్సీలోనే లేదు."

"పశువైద్యానికి తోలుబొమ్మలాట పనికొస్తుందా మేడమ్?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "తోలు ఉంది కద సార్," అంది, ఏమాత్రం నవ్వకుండా.

హిమజ నా చెయ్యి నొక్కింది. బయాలజీ ఉంది కదా నాన్నా, చాలు అన్నట్టు. దాని స్నేహితురాలు ఫర్హానాకు బయాలజీ, కెమిస్ట్రీ, సముద్ర చట్టం దొరికాయి. వాళ్ళ నాన్న జిలానీ గారికి మల్లేపల్లిలో ఫర్నిచర్ షాపు ఉంది. "మనకు సముద్రమే లేదు కద భాయ్," అని ఆయన నన్నడిగారు. హుస్సేన్ సాగర్ ఉంది కదా అని నేను సర్దిచెప్పాను.

జులైలో క్లాసులు మొదలయ్యాయి. మొదటి వారంలోనే డైరెక్టర్ గారు రౌండ్లకు వచ్చి, బయాలజీ గదిలోకి తొంగిచూసి, గుమ్మంలోనే నిలబడిపోయారట. లోపల ముగ్గురు పిల్లలు. ముగ్గురి ముందూ పుస్తకం తెరిచి ఉంది. ముగ్గురూ ఒకే పేజీ చూస్తున్నారు.

"ఇదేమిటి? ఒకే పాఠం ముగ్గురు వింటున్నారా?" అన్నారట ఆయన, దొంగల్ని పట్టుకున్న గొంతుతో.

"సబ్జెక్టు ఒకటే కద సార్," అంది నీలవేణి టీచర్.

"అందుకే నేను రాత్రిళ్ళు నిద్రపోలేకపోతున్నాను!"

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. కాంబినేషన్లే కాదు, పాఠాలు కూడా ఏ ఇద్దరికీ కలవకూడదు. బయాలజీని పంచారు. ముందు వచ్చిన హక్కుతో గ్రానైటాయన "తల మావాడికి రాయండి" అన్నాడు. రాశారు. మెడ నుంచి నడుము వరకు కుడివైపు హిమజకు, ఎడమవైపు ఫర్హానాకు. నడుము కింద భాగం వచ్చే బ్యాచ్‌కు రిజర్వు చేశారు.

మా శాఖలోనూ నిబంధనలకు కొదవలేదు. కానీ ఒకరికి ఫేజు, ఇంకొకరికి న్యూట్రలు ఇచ్చి, బల్బులు వెలిగించుకోండని మేం ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. ఆ మాట చైత్ర మేడమ్‌తో అందామనుకున్నాను. సుగుణ గుర్తొచ్చి ఊరుకున్నాను. ఆమె పాటలు నేర్పిన గది పక్కనుంచే నడిచి వచ్చాను మరి.

గుండె దగ్గర చిక్కొచ్చింది. కుడివైపు రెండు గదులు హిమజవి, ఎడమవైపు రెండూ ఫర్హానావి. "మరి మధ్యలో గోడ ఎవరిది మేడమ్?" అని ఫర్హానా అడిగింది.

"అది పరిశీలనలో ఉంది," అంది చైత్ర మేడమ్.

నీలవేణి టీచర్ ఈ గదిలోంచి ఆ గదిలోకి పరిగెడుతూ పాఠం చెప్పేది. మా అమ్మాయి ఇంటికొచ్చి ఆ క్లాసు నటించి చూపించేది.

"కుడి జఠరిక ముడుచుకోగానే రక్తం బయటికి పోతుంది, రాసుకో."

"ఎక్కడికి పోతుంది టీచర్?"

"అది నీకు అనవసరమని చెప్పమన్నారు తల్లీ."

పక్క గదిలో ఫర్హానాకు: "ఎడమ కర్ణికలోకి రక్తం వస్తుంది, రాసుకో."

"ఎక్కణ్ణుంచి టీచర్?"

"వస్తుందమ్మా, ఎక్కణ్ణుంచో. అతిథిని ఎక్కణ్ణుంచి వచ్చావని అడుగుతామా?"

మిగతా సబ్జెక్టులదీ అదే దారి. కెమిస్ట్రీలో ఆమ్లాలు హిమజకు, క్షారాలు ఫర్హానాకు. రెండూ కలిస్తే ఉప్పు పుడుతుంది గనక ఆ ఏడాది ల్యాబులో ఉప్పు పుట్టలేదు. చరిత్రలో ఒక అబ్బాయికి యుద్ధాలు, ఒక అమ్మాయికి సంధులు ఇచ్చారు. ఆ అబ్బాయి చరిత్రలో మొదలైన యుద్ధమేదీ ఆగలేదు. ఆ అమ్మాయి చరిత్రలో మనుషులు దెబ్బలాడుకోకుండానే రాజీ పడిపోయి, కారణం తెలియక ఒకరి మొహాలొకరు చూసుకునేవారు. ఆఖరికి క్యాంటీన్‌కు కూడా ఏకపథం వచ్చింది. ఒకరికి ఇడ్లీ, పక్కవాళ్ళకు చట్నీ. 'రుచి ప్రయాణం' అని గోడ మీద రాయించారు.

ఒకరోజు ఆఫీసు నుంచి పెందలాడే బయటపడి, అమ్మాయిని తీసుకెళదామని స్కూలుకు వెళ్ళాను. క్లాసుల్లో లేదు. బస్సుల షెడ్డు వెనక గుసగుసలు వినిపించాయి.

పాత బస్సు వెనక అద్దం మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంది. అందులో హిమజ వేలితో సగం గుండె గీసింది. ఫర్హానా మిగతా సగం గీస్తోంది.

"నీ దగ్గర్నుంచి పోయిన రక్తం ఊపిరితిత్తుల్లోకే వెళ్తుందే పిచ్చీ. అక్కడ గాలి కలుపుకుని నా దగ్గరికొస్తుంది."

"అబ్బా, అంతేనా? నేను వారం నుంచీ అది ఎటో పోయిందని బెంగపడుతున్నా."

"మరి మధ్యలో గోడ?"

"చుక్కలు పెట్టు. పరిశీలనలో ఉంది కదా."

ఇద్దరూ పకపకా నవ్వారు. నన్ను చూసి బిగుసుకుపోయారు. "అంకుల్, ప్లీజ్, ఎవరికీ చెప్పొద్దు," అంది ఫర్హానా.

నేను సంచీలోంచి జంతికల పొట్లం తీసి బంపరు మీద పెట్టాను. యుద్ధాల అబ్బాయీ సంధుల అమ్మాయీ ఇంకో బస్సు దగ్గర కూర్చుని ఉన్నారు. వాళ్ళకూ ఇచ్చాను. డ్రైవరు యాదగిరి గొట్టం పట్టుకుని బస్సులు కడుగుతున్నాడు. ఆ బస్సు దగ్గరికొచ్చి, ముందూ పక్కలూ కడిగి, వెనక అద్దం మాత్రం వదిలేసి వెళ్ళిపోయాడు. లోకంలో మంచితనం చాలాసార్లు ఇలా పని ఎగ్గొట్టినట్టే కనిపిస్తుంది.

ఆగస్టు నెలాఖర్లో 'పథోత్సవం' జరిపారు. విదేశీ యూనివర్సిటీ ప్రతినిధి వస్తున్నాడు. ఆనాడు అప్లికేషన్ల మాటన్నది ఈయనే. స్కూల్లో 'ఫామ్ ఎక్స్‌పీరియన్స్ సెంటర్' అని ఒక కొట్టం, అందులో ఒక ఆవు ఉండేవి. ఆవు పేరు రికార్డుల్లో గ్లోరియా. మా అమ్మాయి గౌరి అని పిలిస్తే పలికేది. దానికి నెలలు నిండాయని అందరికీ తెలుసు. కానీ దాన్ని చూసుకునే మనిషికి ఆ రోజు సూటు తొడిగి, గేటు దగ్గర గులాబీలు పంచే పనిలో పెట్టారు.

ప్రతినిధిని వెంటబెట్టుకుని, మైకులో వ్యాఖ్యానం చెబుతూ, బ్యాండు మేళంతో డైరెక్టర్ గారు కొట్టం దగ్గరికి వచ్చేసరికి గౌరి కింద కూలబడి మూలుగుతోంది.

డైరెక్టర్ గారు మైకు చేత్తో మూసి, "చైత్రా, ఇదెవరి పాత్‌వే?" అన్నారు.

"తల రుద్రాంశ్‌ది సార్. డిబేట్‌లో ఉన్నాడు."

"తలతో పనేముంది ఇప్పుడు? ఆ వెనక భాగం ఎవరిది?"

"వెనక భాగం ఎవరికీ కేటాయించలేదు సార్. సీటు ఖాళీగా ఉంది."

"అయితే వచ్చే బ్యాచ్ వచ్చేదాకా ఆగమను!"

ఎవర్ని ఆగమన్నారో ఎవరికీ అర్థం కాలేదు. ఆవుకు అసలే అర్థం కాలేదు. రెండు చిన్న గిట్టలు బయటికి కనిపించాయి. గ్రానైటాయన కళ్ళు తిరిగి నా భుజం మీద వాలాడు. బాగా బరువైన మనిషి.

అప్పుడు మా హిమజ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "ముందు ఆ బ్యాండు ఆపండి! దూరం జరగండి సార్, అది బెదురుతోంది. ఫర్హానా, ఎండుగడ్డీ గోనెపట్టా పట్రా!"

డైరెక్టర్ గారు జరిగారు. అంత పెద్దమనిషి అంత చప్పున జరగడం నేనెప్పుడూ చూడలేదు. పిల్లలిద్దరూ ఆవు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. లాగలేదు, హడావుడి చేయలేదు. దూడ ముందు కాళ్ళ మీద ముక్కు ఆనించుకుని వస్తోందా లేదా చూసి, "సరిగ్గానే వస్తోంది, కంగారు లేదు," అంది హిమజ. ఎక్కువ పని గౌరే చేసుకుంది. దూడ గడ్డి మీద పడగానే ఫర్హానా దాని ముక్కు తుడిచింది. హిమజ దాని ఎడమ డొక్క మీద చెవి పెట్టింది. "కొట్టుకుంటోందే!" అంది. తర్వాత ఫర్హానా కూడా చెవి పెట్టి విన్నది. గౌరి మెడ సాచి దూడను నాకడం మొదలుపెట్టింది.

ప్రతినిధి కళ్ళు తుడుచుకుని, "మీ ఇద్దరిలో బయాలజీ స్టూడెంట్ ఎవరు?" అని అడిగాడు.

రెండు చేతులు లేచాయి.

డైరెక్టర్ గారి మొహం పాలిపోయింది.

సోమవారం విచారణ. బల్లకు అటువైపు డైరెక్టర్ గారు, చైత్ర మేడమ్. ఇటువైపు నేనూ, జిలానీ గారూ, పిల్లలిద్దరూ.

"హిమజా, దూడ గుండె చప్పుడు ఎక్కడ విన్నావు?"

"ఎడమవైపు సార్."

"ఎడమ నీకు కేటాయించబడినదా?"

"లేదు సార్."

"మరి అక్కడ వినాలని ఎలా తెలిసింది?"

"నాకు ఎడమ కూడా తెలుసు సార్."

చైత్ర మేడమ్ నిట్టూర్చింది. "ఎప్పట్నుంచి నాన్నా?"

"కొన్నాళ్ళయింది మేడమ్. ఫర్హానా చెప్పింది. నేను దానికి కుడి చెప్పాను. రక్తం నా వైపు నుంచి వెళ్ళి దాని వైపే కదా వస్తుంది. నా దగ్గరే ఆగదు కద సార్."

"రక్తం సంగతి వేరు," అన్నారు డైరెక్టర్ గారు గంభీరంగా. "రక్తం మన దగ్గర అడ్మిషన్ తీసుకోలేదు. మీరు తీసుకున్నారు. ఇప్పుడు మీ ఇద్దరికీ ఒకే విషయం తెలుసు. అంటే మీరిద్దరూ ఒకరే. అంటే ఈ సంస్థలో ఒక విద్యార్థి తగ్గినట్టు."

తర్వాత ఆయన స్వరం తగ్గించి దారి చూపించారు. నిబంధనల ప్రకారం రెండే మార్గాలట. ఒకటి, 'అన్‌లెర్నింగ్ వర్క్‌షాప్'లో చేరి హిమజ ఎడమనూ ఫర్హానా కుడినీ మర్చిపోవాలి. మర్చిపోయినట్టు పరీక్ష కూడా పెడతారు. రెండు, ఇద్దరిలో ఒకరు వెళ్ళిపోతే, మిగిలినవాళ్ళకు గుండె మొత్తం కేటాయించే వెసులుబాటు ఉంది.

హిమజ నా వైపు చూడలేదు. "నేను వెళ్ళిపోతాను సార్. మొత్తం ఫర్హానాకు ఇచ్చెయ్యండి," అంది.

"ఏయ్, నువ్వెందుకు పోతావే? డాక్టర్ కావాలన్నది నువ్వు. నేను పోతా."

"నోర్మూసుకో. నీకు ఎడమ బాగా వచ్చు."

"నీకు రెండూ వచ్చు!"

అలా దెబ్బలాడుకుంటుంటే నేను కిటికీలోంచి చూశాను. చిన్నపిల్లల బ్లాకు కనిపిస్తోంది. పల్లవి ఒకరికి, చరణం ఇంకొకరికి నేర్పమని ఉంటే సుగుణ ఏమనేదో నాకు తెలుసు. ఏమీ అనేది కాదు. నవ్వి, పిల్లలందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, మొత్తం పాట పాడించేది.

"సార్," అన్నాను, "మా సుగుణ పోయాక మీరు మా మీద చూపిన దయ నేను మర్చిపోను. ఏ వర్క్‌షాపులోనూ మర్చిపోను. మాకు టీసీ ఇప్పించండి."

"ఏ అమ్మాయికి?" అన్నారాయన, కలం తీసి.

"ఇద్దరికీ సాబ్," అన్నారు జిలానీ గారు. "ముప్పై ఏళ్ళ నుంచి ఫర్నిచర్ అమ్ముతున్నా. సగం కుర్చీ ఎప్పుడూ అమ్మలే."

టీసీల కోసం ఎదురుచూస్తుంటే నీలవేణి టీచర్ వచ్చి పిల్లలిద్దర్నీ ఖాళీ గదిలోకి పిలిచింది. నన్నూ రమ్మంది. తలుపు చేరవేసి, బోర్డు మీద పెద్ద గుండె గీసింది. నాలుగు గదులూ, అన్ని నాళాలూ, రక్తం పోయే దారీ, వచ్చే దారీ. ఎవరైనా వస్తే తుడిచెయ్యడానికి డస్టర్ ఎడమ చేతిలోనే పట్టుకుంది. "నేనేం పాఠం చెప్పడం లేదు సార్. బోర్డు తుడిచే ముందు సుద్ద ముక్క పని చేస్తోందో లేదో చూస్తున్నాను," అంది. బొమ్మ బాగుంది.

ప్రభుత్వ జూనియర్ కాలేజీలో గడువు పొడిగించిన ఆఖరి వారం అది. ప్రిన్సిపాల్ రత్నకుమారి గారు హిమజ టీసీ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. నడవడిక అన్నచోట రాసి ఉంది: 'తృప్తికరం. అయితే తనకు కేటాయించని విషయములు తెలుసుకొనియున్నది.'

"ఇది సర్టిఫికెట్టా, ఫిర్యాదా?"

"నాకూ తెలియదమ్మా."

"రెండో అమ్మాయిదీ ఇంతేనా?"

"అదే కాపీ కొట్టారు మేడమ్," అన్నారు జిలానీ గారు. "అక్కడ ఇద్దరికీ కలిపి ఇచ్చింది ఇదొక్కటే."

ఆవిడ నవ్వు ఆపుకోలేదు. "మా దగ్గర కేటాయించినవే తెలుసుకోరండీ. ఇలాంటివాళ్ళు రావడం మా అదృష్టం. బైపీసీలో వేస్తున్నాను. క్లాసులో అరవై మంది ఉన్నారు, బెంచీకి నలుగురు. సర్దుకుంటారా?"

"సర్దుకుంటాం మేడమ్!" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

ఆ స్కూల్లో ఇప్పుడు గుండె మొత్తం ఖాళీగా ఉందని విన్నాను. తల ఒక్కటీ నడుస్తోందట.

మొదటి రోజు కాలేజీ నుంచి హిమజ సాయంత్రం ఇంటికొచ్చింది. చొక్కా నలిగి, పక్కవాళ్ళ ఇంకు అంటుకుని, ఆకలితో ఉంది. మెట్ల మీద కుక్కల్ని ఒక్కొక్కదాన్నీ పలకరించి, నేను పెట్టిన పెరుగన్నం గిన్నె అందుకుంది.

"నాన్నా, ఇవాళ గుండె చెప్పారు. నాలుగు గదులూ ఒకే పీరియడ్‌లో చెప్పేశారు. అరవై మందికీ!"

"మొత్తం అర్థమైందా?"

"ఆఁ. ఫర్హానా ఊరుకోదు కదా, లేచి అడిగేసింది, మధ్యలో గోడ ఎవరిది సార్ అని. క్లాసంతా దాన్ని వింతగా చూశారు."

"మరి సారేమన్నారు?"

హిమజ ముద్ద నోట్లో పెట్టుకుని, ఆయన గొంతుతోనే చెప్పింది.

"'ఎవరిదేంటమ్మా? గుండెది.'"